సరిచూడని నకలు

2022 జూలై రెండో వారంలో భద్రాచలం వద్ద గోదావరి గంటగంటకూ పెరిగింది. మా పట్టణంలో నది మట్టాన్ని ఇంట్లో రోగి జ్వరం చూసినట్లు చూస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. మూడవది కూడా దాటితే కరకట్ట పక్కన కాపురమున్నవారు మూటలు కట్టుకోవలసిందే. ఆ నెల 16వ తేదీన మట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత నది అంత ఎత్తుకు రావడం అదే మొదటిసారి.

మేము అంతకు ముందే ఇల్లు విడిచి ఖమ్మంలో మా చెల్లెలి ఇంటికి చేరాము. వెళ్ళేముందు ఖురాన్ ప్రతులను, తఫ్సీర్ సంపుటాలను అటక మీదికి ఎక్కించాము. ఆధార్ కార్డులు, ఇంటి పట్టా, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో వేసుకున్నాము. కంప్యూటర్‌ను మోయలేక మంచం మీద బల్ల వేసి, బల్ల మీద సీపీయూ పెట్టాము. దానికి నకలుగా ఉంచుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ అదే గదిలో, బీరువా కింది అరలో ఉండిపోయింది. హడావిడిలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాలేదే అన్న దిగులు కూడా నాకు అప్పుడు లేదు, ఎందుకంటే ముఖ్యమైనవన్నీ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నా షేర్వానీ జేబులో భద్రంగా ఉంది. ఉందనుకున్నాను.

ఖమ్మంలో మూడో రోజున, టీవీలో మా వీధి నీళ్ళలో కనిపించిన సాయంత్రం, చెల్లెలి కంప్యూటర్‌లో ఆ పెన్‌డ్రైవ్ పెట్టాను. ఫోల్డర్ల పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. దేనిమీద నొక్కినా తెరుచుకోలేదు. నా మేనల్లుడు వచ్చి చూసి, కొంచెంసేపు మౌనంగా ఉండి, “మామూ, మీరు ఫైళ్ళు కాపీ చేయలేదు. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్లు కాపీ చేశారు” అన్నాడు. ఒక్కొక్కటి ఒకటి రెండు కేబీల బరువు. అవి ఇంటి తలుపులు కావు, ఇల్లు ఎక్కడుందో చెప్పే చీటీలు. ఆ ఇల్లు అప్పటికి నీళ్ళలో ఉంది.

నేను అజాగ్రత్తగా చేశానని పాఠకులు అనుకోవద్దు. కాపీ చేసిన రోజున పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ పెట్టి, తెరిచి చూసుకున్నాను కూడా. చక్కగా తెరుచుకుంది. అయితే అదే కంప్యూటర్‌లో పెట్టి చూశాను. చీటీ పక్కనే ఇల్లు ఉంటే దారి తప్పదు కదా! ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సంగతి దాదాపు ఇంతే. తక్కినదంతా దానికి వివరణ.

ఆ కంప్యూటర్‌లో ఏమున్నాయి? పద్నాలుగు సంవత్సరాల పాఠ్యాంశాల నోట్సు, పరీక్షా పత్రాలు, విద్యార్థుల హాజరు పట్టికలు, ఇద్దరు కుమార్తెల నికాహ్ ఫొటోలు. వీటిలో చాలావరకు మళ్ళీ రాసుకోవచ్చు, బంధువుల వద్ద అడిగి తెచ్చుకోవచ్చు. కానీ పదకొండు ఆడియో ఫైళ్ళు వేరు. మా అమ్మీ మరణించడానికి ముందు సంవత్సరం నా మేనల్లుడు ఫోన్‌లో ఆమె మాటలు రికార్డు చేశాడు. 1965లో వంతెన ప్రారంభం కాకముందు కొత్త పెళ్ళికూతురిగా నాటు పడవలో గోదావరి దాటి రావడం, పడవలో వధువు పెట్టె తడవకుండా మా నానమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, 1986 వరద రాత్రి మమ్మల్ని నడిపించుకుని ఎత్తు ప్రదేశానికి చేరడం. సగం ఉర్దూ, సగం తెలుగు, నడుమ మన్యం సంతల్లో నేర్చుకున్న కోయ మాటలు. ఆ రికార్డులు ఫోన్ నుండి నా కంప్యూటర్‌లోకి వచ్చాయి. ఫోన్ పాతబడి పోయింది.

నీళ్ళు తీసిన తరువాత ఇంటికి వెళ్ళి నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. అయినా ఇంకొకరు చేయకూడదు కనుక చెబుతాను. సీపీయూ లోనుండి హార్డ్‌డిస్క్ ఊడదీసి, బురద కడిగి, డాబా మీద ఎండలో పెట్టాను. రెండు రోజుల తరువాత కరెంటు ఇచ్చి చూశాను. లోపల టకటకమని చప్పుడు వచ్చింది, ఆగిపోయింది. బీరువాలోని ఎక్స్‌టర్నల్ డిస్క్‌కూ అదే మర్యాద చేశాను. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవారి వద్దకు తీసుకువెళ్తే, బిళ్ళల మీద గీతలు పడిపోయాయని రెండింటినీ తిరిగి ఇచ్చేశారు.

హార్డ్‌డిస్క్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్ళలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటిని చదివే సూదితల వాటిని తాకదు, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎత్తున తేలుతుంటుంది. వరదనీరు ఆరిపోయినా అందులోని ఒండ్రు ఆరిపోదు, బిళ్ళ మీద పేరుకుని గట్టిపడుతుంది. అప్పుడు కరెంటు ఇస్తే తల ఆ ఒండ్రును ఢీకొని బిళ్ళను గీస్తుంది. కాబట్టి తడిసిన డిస్క్‌కు కరెంటు ఇవ్వకూడదు, ఎండలో పెట్టకూడదు, బియ్యపు డబ్బాలో పూడ్చకూడదు, విప్పకూడదు. తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి తెలిసినవారికి అప్పగించాలి. నీటివల్ల నా డిస్క్ ఎంత పాడైందో కానీ, నావల్ల మిగిలినది పాడైంది.

పదకొండు రికార్డులలో రెండు మాత్రం దొరికాయి. చెల్లెలు ఒకప్పుడు వాట్సాప్‌లో నెల్లూరులోని మా పినతల్లి కూతురికి పంపినవి. ఆమె ఫోన్ మార్చినా ఆ సంభాషణను చెరపలేదు. పడవ కథ అందులో ఉంది. వరద కథ లేదు.

ఆ సంవత్సరం మదరసాలో హదీసు శాస్త్ర పరిభాష చెబుతున్నప్పుడు ‘ముఖాబలా’ అన్న అధ్యాయం వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పాఠమే. ముద్రణ యంత్రం లేని కాలంలో విద్యార్థి గురువు గ్రంథాన్ని చేత్తో నకలు రాసుకునేవాడు. రాయడంతో పని పూర్తి అయ్యేది కాదు. ఒకరు అసలును చదువుతుంటే మరొకరు నకలును చూస్తూ పోవాలి. దానినే ముఖాబలా అంటారు. ఉర్వా బిన్ జుబైర్ తన కుమారుడు హిషామ్‌ను, రాసుకున్నది సరిచూశావా అని అడిగి, లేదని చెప్పగానే, అయితే నీవు రాయనట్లేనని మందలించారని మా గ్రంథాలు చెబుతాయి. 1071లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ ఒక చక్కటి పద్ధతిని సిఫారసు చేశారు. ప్రతి హదీసు చివర ఒక చిన్న సున్నా చుట్టాలి. దానిని ఖాళీగా ఉంచాలి. అసలుతో సరిచూసిన తరువాతే ఆ సున్నా మధ్య చుక్క పెట్టాలి. ఏ పుట తెరిచినా, ఎంతవరకు నమ్మవచ్చో కంటికి కనిపిస్తుంది.

ఈ పాఠం చెబుతూ నల్లబల్ల మీద సున్నా చుట్టి చుక్క పెట్టబోయి ఆగిపోయాను. నా పెన్‌డ్రైవ్ సున్నా చుట్టినదే కానీ చుక్క పెట్టనిది. మన తెలుగులో ‘అసలు’, ‘నకలు’ అన్న రెండు మాటలూ అరబీ నుండి వచ్చినవే. నేటికీ రెవెన్యూ కార్యాలయంలో నకలు తీసుకుంటే కింద తయారుచేసినవారి సంతకంతో పాటు సరిచూసినవారి సంతకం కూడా ఉంటుంది. గుమాస్తాలకు తెలిసిన సంగతిని కంప్యూటర్ కొన్న నాడు మనమెందుకు మరచిపోతామో తెలియదు.

ఇది చదువులేని వారికి మాత్రమే జరిగే పొరపాటు అనుకుంటే ఒక ఉదంతం చెబుతాను. సినిమా సంగతి అని పక్కన పెట్టకండి. 1998లో అమెరికాలో పిక్సార్ అనే సంస్థ కంప్యూటర్లతో ‘టాయ్ స్టోరీ 2’ అనే బొమ్మల చిత్రం తయారుచేస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక తప్పు ఆదేశంతో చిత్రంలో చాలా భాగం చెరిగిపోయింది. బ్యాకప్ ఉంది కదా అని తెరిచి చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. ఎవరూ పరీక్షించలేదు. చివరకు గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లో ఉన్న కంప్యూటర్ వారిని గట్టెక్కించింది. ఆమె అప్పుడే బిడ్డకు జన్మనిచ్చి ఇంటినుండి పనిచేస్తున్నందున చిత్రం నకలు ఆ కంప్యూటర్‌లో ఉంది. దానిని దుప్పట్లలో చుట్టి కారులో కార్యాలయానికి తెచ్చారు. అంతటి సంస్థను కాపాడినది ఒక బాలింత ఇంట్లోని కంప్యూటర్ అని మా క్లాసులో చెబితే, వెనుక వరుస పిల్లలు కూడా నిద్ర మానుకున్నారు.

ఇక మా ఇంటి ఏర్పాటు. వరద తరువాత నేను, చెల్లెలు ఒక ఒప్పందానికి వచ్చాము. మిక్సీ కొన్నంత ఖర్చుతో చెరొక 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాము. నా డిస్క్ ఖమ్మంలో ఆమె ఇంట్లో, ఆమె డిస్క్ భద్రాచలంలో మా ఇంట్లో ఉండాలి. నడుమ సుమారు 120 కిలోమీటర్లు. అంతకన్నా ముఖ్యం, నడుమ రెండు నదులు. మావైపు నీరు గోదావరిది. ఖమ్మం పక్కన పారే మున్నేరు కృష్ణలో కలిసేది. ఒకే వాన రెండు చోట్లా కురవవచ్చు కానీ, ఒకే నది రెండు ఇళ్ళనూ ముంచలేదు. పండుగలకో పెళ్ళిళ్ళకో వచ్చిపోయేటప్పుడు డిస్కులు కూడా ప్రయాణం చేస్తాయి. అత్తరు సీసాలతో పాటు హార్డ్‌డిస్కులు ఇచ్చిపుచ్చుకునే కుటుంబం మాదేనేమోనని మా బావగారు పరిహాసమాడతారు.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఊరి బయట అని ఈ విద్య తెలిసినవారు ఒక లెక్క చెబుతారు. లెక్క మంచిదే. అయితే మన ఇళ్ళలో నకలు ఉన్నా అది సాధారణంగా కంప్యూటర్ పక్కనే ఉంటుంది. దొంగ ఒకేసారి రెండూ తీసుకుపోతాడు, నీరు ఒకేసారి రెండూ ముంచుతుంది. కనుక ఆ లెక్కలో చివరి మాటనే నేను ముందు పెడతాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఈసారి మున్నేరు వంతు. ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి తీసుకువచ్చిన సంగతి పాఠకులు వినే ఉంటారు. ఆ రోజే చెల్లెలి ఇంట్లోకి నడుములోతు నీరు వచ్చింది. అందరూ క్షేమంగా మేడ మీదికి చేరారు, అల్‌హందులిల్లాహ్. కంప్యూటర్ మునిగింది. ఆమె ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పని చేస్తుంది. పెళ్ళి జాకెట్లకు, దుపట్టాలకు డబ్బు పెట్టి కొన్న డిజైన్లు, ఎవరు ఎంత బయానా ఇచ్చారో, ఎంత బాకీ ఉన్నారో ఆ లెక్కలు అందులోనే. రెండు నెలల తరువాత పెళ్ళిళ్ళ రోజులు. అది ఆ ఇంటి జీవనాధారం.

రోడ్లు తెరుచుకున్నాక ఆమె డిస్క్ తీసుకుని బస్సులో వెళ్ళాను. ఎక్కడో అరువు తెచ్చిన పాత కంప్యూటర్‌కు దానిని తగిలించేటప్పుడు నా చేతులు వణికాయి, పెన్‌డ్రైవ్ నాటి సాయంత్రం గుర్తుకు వచ్చి. తెరుచుకుంది. డిజైన్లన్నీ వచ్చాయి. ఒక దానిని మిషన్‌లో వేసి చిన్న గుడ్డ మీద కుట్టి చూసిన తరువాతనే చెల్లెలు నమ్మింది. అయితే ఆ డిస్క్ మా ఇంటికి వచ్చింది బక్రీదుకు, అంటే జూన్ మధ్యలో. తరువాతి రెండున్నర నెలల బయానా లెక్కలు అందులో లేవు. కొన్ని వాట్సాప్‌లో దొరికాయి, కొన్ని ఖాతాదారులు నిజాయితీగా చెప్పారు, కొన్ని పోయాయి. నకలు ఎన్ని రోజులకొకసారి తీయాలని నన్ను అడిగేవారికి ఇదే జవాబు. ఎన్ని రోజుల పని పోతే మీరు భరించగలరో అన్ని రోజులకు. ఇప్పుడు ఆమె లెక్కల ఫైలు ఒక్కటి ప్రతి రాత్రి ఇంటర్నెట్‌లోని డ్రైవ్‌లోకి వెళుతుంది. అది చిన్న ఫైలు, మా ప్రాంతపు నెట్‌వర్క్‌కు కూడా బరువు కాదు. పెద్దవన్నీ డిస్క్ మీద.

కంప్యూటర్‌లో దీనికి ఏర్పాటు లేకపోలేదు. విండోస్ 10, 11లలో కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఫైల్ హిస్టరీ’ అని ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి దానిని ఆన్ చేస్తే, మీ డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ మీది ఫైళ్ళు మారినప్పుడల్లా గంటకొకసారి పాత ప్రతిని చెరపకుండా కొత్త ప్రతి దాస్తుంది. నిన్నటి పత్రంలో పొరపాటున ఒక పేజీ తీసివేస్తే మొన్నటి ప్రతిని పిలవవచ్చు. కానీ మీరు డీ డ్రైవ్‌లో దాచుకున్నవి దానికి తెలియవు, మీరే చెప్పాలి. మన ఇళ్ళలో ముఖ్యమైనదంతా డీ డ్రైవ్‌లోనే ఉంటుంది, సీ డ్రైవ్ ‘పోయే డ్రైవ్’ అని ఎవరో ఎప్పుడో చెప్పారు కనుక.

తిరిగి తెచ్చుకోవడంలో మావంటి వారికి ఎదురయ్యే మరొక చిక్కు ఫైలు వచ్చినా అక్షరం రాకపోవడం. ఉర్దూకు మేము దశాబ్దాలుగా వాడినది ఇన్‌పేజ్. తెలుగుకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఇవి తమ సొంత సంకేతాలతో అక్షరాలు దాచేవి. వేరొక కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం, ఆ ఫాంట్ లేకపోతే తెలుగు వ్యాసం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళంగా కనిపిస్తుంది. మా పొరుగూరి ఉపాధ్యాయుడొకరు పాత సీడీ నుండి తన తండ్రి రాసిన వ్యాసాలు తెచ్చుకున్నారు. ఫైళ్ళు చెక్కు చెదరలేదు. చదవడానికి యంత్రం లేదు. అటువంటి ఫైళ్ళు ఉన్నవారు అవి తెరుచుకునే కంప్యూటర్ ఇంకా బతికి ఉండగానే ప్రతిదానినీ పీడీఎఫ్‌గా కూడా దాచండి, వీలైతే యూనికోడ్‌లోకి మార్చండి. ఈ పనికి ఇంతకన్నా మంచి కాలం రాదు, ఆ పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే కన్నుమూస్తున్నాయి.

దొంగ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బు పెట్టి కొనవలసిన ప్రోగ్రాంను ‘క్రాక్’ చేసినది ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తారు, మనం కళ్ళకద్దుకుంటాము. అది హలాలా అన్న ప్రశ్నకు జవాబు పాఠకులకు తెలుసు. దానితో వచ్చే కీడు వేరే ఉంది. ‘స్టాప్’ లేక ‘డీజేవీయూ’ అనే పేరుగల రాన్సమ్‌వేర్ ముఖ్యంగా ఇటువంటి క్రాక్‌ల ద్వారానే ఇళ్ళ కంప్యూటర్లలోకి చొరబడుతుంది. ఒక ఉదయం ప్రతి ఫొటో, ప్రతి పత్రం తాళం పడి ఉంటుంది, తాళం చెవికి డబ్బు అడుగుతూ ఒక చీటీ ఉంటుంది. 2017 మేలో ‘వన్నాక్రై’ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో ఐదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ డేటాకు ఇలాగే తాళం పడింది. రోజుల తరబడి వైద్యులు చేత్తో చీటీలు రాశారు. వైరస్ సోకని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండడం వల్ల రోగుల సమాచారం తిరిగి వచ్చింది. మనకు ఇందులో పనికివచ్చే మాట ‘సోకని’ అన్నది. నకలు డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే తాళం దానికి కూడా పడుతుంది. పని కాగానే ఊడదీసి పెట్టెలో పెట్టాలి.

గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెడితే చాలదా అని పిల్లలు అడుగుతారు. కొంతవరకే చాలుతుంది. అవి అద్దం వంటివి. ఇక్కడ చెరిపితే అక్కడ కూడా చెరుగుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, తరువాత ఉండదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిళ్ళు, ఫొటోలు అన్నీ ఇమడాలి. రెండు సంవత్సరాలు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఇంటి పెద్ద మరణించి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియక, ఇద్దత్ కాలం గడిచి, పిల్లలు గల్ఫ్‌కు తిరిగి వెళ్ళిపోయిన ఇళ్ళలో రెండు సంవత్సరాలు ఎంతలో గడుస్తాయి! పాస్‌వర్డ్‌ను ఒక కాగితం మీద రాసి నికాహ్‌నామా ఉన్న చోటే పెట్టండి. దొంగ భయం ఉన్నవారు కాగితాన్ని రెండుగా చింపి ఇద్దరి వద్ద ఉంచుకోవచ్చు. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తనంతట తానే తాళం పడే అవకాశం కూడా ఉంది. యంత్రం పాడై డిస్క్‌ను వేరొక దానిలో పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే ఆ కీని చూసి రాసిపెట్టుకోవాలి.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం సర్కారు వారి డిజీలాకర్ మంచి దారి. 2015లో మొదలైంది. సంబంధిత శాఖ నేరుగా అందులోకి జారీ చేసిన పత్రానికి చట్టం ప్రకారం అసలుతో సమానమైన విలువ ఉంది. మనం ఫొటో తీసి అందులో ఎక్కించుకున్న దానికి ఆ విలువ లేదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. చర్ల, దుమ్ముగూడెం వైపునుండి మా ఊరికి వచ్చే గిరిజన కుటుంబాల చేతుల్లో పోడు పట్టా కాగితాలు ఎన్ని మడతలు పడి ఉంటాయో నేను చూశాను. వాటిని కనీసం ఫొటో తీసి ఒకరి ఫోన్‌లో కాక ముగ్గురి ఫోన్లలో ఉంచండని ఇంటర్నెట్ సెంటర్ నడిపే నా పాత విద్యార్థికి చెప్పాను. అతడు ఇప్పుడు డబ్బు తీసుకోకుండా ఆ పని చేస్తున్నాడు.

ఇక మన ఇళ్ళలోని స్త్రీలు పైకి చెప్పని ఒక సంకోచం ఉంది. ఇంటి ఆడవారి ఫొటోలు ఉన్న డిస్క్‌ను మరమ్మతు దుకాణంలో ఎలా ఇవ్వడం, ఇంటర్నెట్‌లో ఎలా పెట్టడం, చెల్లెలి ఇంటికే అయినా ఎలా పంపడం? ఈ సంకోచం వల్ల ఎంతోమంది నకలు తీయడమే మానుకుంటారు. సంకోచం న్యాయమైనదే. మానుకోవడం మాత్రం అవసరం లేదు. ‘7-జిప్’ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫోల్డర్‌ను కట్టగట్టి పాస్‌వర్డ్ పెడితే, పాస్‌వర్డ్ గట్టిదైతే, దుకాణదారు కాదు కదా ఎవరూ తెరవలేరు. మా ఇంట్లో ఫొటోల కట్ట పాస్‌వర్డ్ నా భార్య పెట్టింది. నాకు తెలియదు. పెద్దమ్మాయికి తెలుసు. పాత డిస్క్‌ను అమ్మేవారు, పారవేసేవారు కూడా జాగ్రత్త పడాలి. డిలీట్ చేసినంత మాత్రాన అందులోనివి పోవు, పైన వేరొకటి రాసేవరకు అక్కడే పడి ఉంటాయి. పొరపాటున చెరిపిన ఫైలు కోసం వెదికేవారికి ఇదే గుణం వరం. అటువంటప్పుడు ఆ కంప్యూటర్‌లో ఇంకేమీ దాచకుండా ఆపి, వెలికితీసే ప్రోగ్రాంను వేరొక డిస్క్ నుండి నడపాలి. ఎస్‌ఎస్‌డీ ఉన్న కొత్త యంత్రాలలో ఆ ఆశ చాలా తక్కువ. చెరిపిన చోటును అది త్వరలోనే తుడిచివేస్తుంది.

ఇమామ్ గజాలీ యువకుడిగా జుర్జాన్‌లో చదువుకుని తూస్‌కు తిరిగి వస్తుండగా దొంగలు ఆయన నోట్సు ఉన్న సంచిని లాక్కున్నారని, బతిమాలి తిరిగి తీసుకున్న తరువాత మూడు సంవత్సరాలు కూర్చుని దానిని కంఠస్థం చేశారని చరిత్రకారులు చెబుతారు. చదువుకు ఆ ఉపాయం ఉంది. తల్లి గొంతును ఎవరూ కంఠస్థం చేయలేరు.

నా వద్ద ఇప్పుడు ఒక నోటు పుస్తకం ఉంది. ఎడమవైపు ఏమేమి నకలు తీశామో, ఎప్పుడు తీశామో. కుడివైపు ఒక సున్నా. మూడు నెలలకొకసారి ఖమ్మంలో మేనల్లుడు నా డిస్క్‌ను తన కంప్యూటర్‌లో, అంటే నాది కాని కంప్యూటర్‌లో, పెట్టి నేను చెప్పిన నాలుగు ఫైళ్ళు తెరుస్తాడు. ఒక పత్రం, ఒక ఫొటో, ఒక లెక్కల పట్టిక, ఒక ఆడియో. ఏవి అడుగుతానో ముందుగా చెప్పను. నేను ఇక్కడ అదే ఫైలు తెరిచి, ఫోన్‌లో చివరి వాక్యం చదువుతాను. అతడు అక్కడ చదువుతాడు. కలిస్తే సున్నాలో చుక్క పెడతాను.

మొన్న రబీఉల్ అవ్వల్‌లో ఆడియో వంతు వచ్చినప్పుడు అమ్మీ పడవ కథ తెరవమన్నాను. అతడు ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాడు. గొంతు వినిపించింది, చివరివరకు. చుక్క పెట్టాను. దాని కింద వరద కథకు కేటాయించిన గడి, మిగిలిన ఎనిమిది ఫైళ్ళ గడులతో పాటు, పేరు రాసి ఖాళీగా ఉంచాను. వాటికి సున్నా కూడా చుట్టలేదు. బంధువులలో ఎవరి పాత ఫోన్‌లోనైనా ఉంటాయేమోనని ఇంకా అడుగుతున్నాను.